బండి అంచుల మెరుగు

కారు నడవడానికి బంపరు మెరవనక్కరలేదు. ఇంజనుకు ఆ మెరుపుతో పని లేదు, చక్రానికి అంతకన్నా లేదు. అయినా నూరేళ్ళకు పైగా మనుషులు ఆ అంచుల కోసం లోహాలు మార్చారు, ఆమ్లపు తొట్లు పెట్టారు, కొందరు పనివాళ్ళు ఆరోగ్యాలు పోగొట్టుకున్నారు. పాత అంబాసిడరు బంపరు తుప్పు పట్టింది, క్రోము గీకించి నల్లరంగు కొట్టించమంటారా అని నా పూర్వ విద్యార్థి ఒకడు ఈ మధ్య అడిగాడు. ఔననో కాదనో ఒక్క మాటలో తేల్చదగిన ప్రశ్న కాదది. అందుకే ఈ నాలుగు మాటలు.

తెలుగు పంతులును గనుక ముందు మాటల దగ్గర కాస్త ఆగుతాను. లోహం మీద లోహం పూయడానికి మన ఇళ్ళలో రెండు మాటలున్నాయి. ఒకటి కళాయి, రెండవది గిల్టు. కళాయి అరబ్బీ నుండి హిందుస్తానీ మీదుగా మనకు చేరింది, తగరపు పూత అని అర్థం. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగుతుంది, అది దిగకుండా కాపాడేది కళాయి. గిల్టు ఇంగ్లీషు నుండి వచ్చింది. అది కాపాడేదేమీ లేదు, లేని బంగారాన్ని ఉన్నట్లు చూపిస్తుందంతే. కారు అంచుల చరిత్ర అంతా ఈ రెండు మాటల నడుమ ఊగిసలాటే.

తొలినాటి కార్లకు మెరుపంటే ఇత్తడి. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ ముందుభాగంలో రేడియేటరు ఇత్తడిదే. ఇత్తడి సంగతి మన ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఈవేళ చింతపండుతో తోమితే నాలుగు రోజులకు మళ్ళీ మసకబారుతుంది. ధనవంతుల డ్రైవర్లకు బండి నడపడంతో సమానమైన పని దాన్ని తోమడం. 1917 మోడలు నాటికి ఫోర్డు ఆ ఇత్తడిని వదిలేసి నల్లరంగు తొడుగు పెట్టింది. తక్కినవారు నికెలు పూతకు మళ్ళారు. నికెలు ఇత్తడి కన్నా నయమే కాని, అదీ గాలికి పసుపు వన్నె తిరుగుతుంది.

అప్పుడు రంగంలోకి వచ్చింది క్రోమియం. 1797లో సైబీరియా నుండి వచ్చిన ఎర్రని సీసపు ఖనిజంలో వోక్లాఁ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు దీన్ని కనుగొన్నాడు. దాని లవణాలు రకరకాల రంగుల్లో ఉండడంతో, గ్రీకులో రంగు అనే అర్థమున్న మాటతో పేరు పెట్టారు. రంగు పేరు మోసే లోహం చివరికి ఏ రంగూ లేని అద్దంలాంటి మెరుపుకు ప్రసిద్ధి కావడం చిత్రమే. 1920ల నడుమ దాన్ని విద్యుత్తుతో పూసే పద్ధతి వ్యాపారానికి అందింది. దశాబ్దం ముగిసేలోపే అమెరికా కార్ల మీద నికెలును పక్కకు నెట్టింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బంపరును తుప్పు నుండి కాపాడేది క్రోమియం కాదు, దాని కింది నికెలు. నికెలు పొర మందం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. పైన క్రోమియం సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. నికెలు పసుపు తిరగకుండా నిలపడం దాని పని. అంటే కింద కళాయి, పైన గిల్టు! ఇది ఊహాపోహ కాదని చరిత్రే నిరూపించింది. 1950లో కొరియా యుద్ధం మొదలై నికెలు సైనిక అవసరాలకు మళ్ళింది. 1952, 53 మోడళ్ళ అమెరికన్ కార్లకు నికెలు తగ్గించి పూత పూశారు. చూపుకు పాతవాటికి తీసిపోలేదు. కొద్దికాలానికే తుప్పు బయటపడి కొన్నవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. అంతకు ముందు 1942 జనవరిలో, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, అక్కడి ప్రభుత్వం మెరుపు అంచులనే నిషేధించింది. ఆ కొద్ది వారాలలో తయారైన బండ్ల అంచులకు రంగు వేసి పంపారు. ఫిబ్రవరిలో మామూలు కార్ల తయారీయే ఆగిపోయింది.

యుద్ధాలు ముగిశాక ఆ ఆకలంతా తీర్చుకున్నారు. జనరల్ మోటార్సులో హార్లీ అర్ల్ అనే ఆయన చేతి కింద బండి నగల దుకాణమైపోయింది. 1959 కాడిలాక్ బొమ్మ చూస్తే నాకు ఒంటినిండా గిల్టు నగలు దిగేసుకున్న పెళ్ళివారు గుర్తుకొస్తారు. మన అంబాసిడరు ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశానిది, అంచేత కాస్త మర్యాద ఎరిగినది. 1958 నుండి 2014 దాకా కలకత్తా దగ్గరి ఉత్తరపాడాలో తయారైన ఆ బండికి ఉన్న మెరుగు ఒంటికి తగినంతే అని నా అభిప్రాయం.

ఈ మెరుపు వెల ఎవరు చెల్లించారు? పూత తొట్టిలో ఉండేది క్రోమిక్ ఆమ్లం. అందులో పంపిన విద్యుత్తులో అయిదో వంతు కూడా లోహం పూయడానికి పనికిరాదు. మిగిలినదానిలో ఎక్కువ భాగం నీటిని విడగొట్టి వాయువులు పుట్టిస్తుంది. ఆ బుడగలు పైకి వచ్చి పగిలినప్పుడు ఆమ్లం సన్నని తుంపరగా గాలిలోకి లేస్తుంది. దాన్ని పీల్చినవాడికి ముక్కులోపల పుండ్లు పడతాయి, ముదిరితే ముక్కు నడిమి గోడకే చిల్లు పడుతుంది. క్రోమియం లవణాలతో పనిచేసేవారి ఈ బాధ పందొమ్మిదవ శతాబ్దంలోనే స్కాట్లండు వైద్యులకు తెలుసు. ఈ రూపంలోని క్రోమియం మనుషులలో క్యాన్సరు కలిగిస్తుందని 1990లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. 2017 సెప్టెంబరు నుండి ఐరోపా సమాఖ్యలో అనుమతి లేకుండా క్రోమిక్ ఆమ్లం వాడరాదు. హాని తక్కువైన మరో క్రోమియం లవణంతో పూసే పద్ధతి ఇప్పుడు వ్యాప్తిలోకి వస్తున్నది. మన దేశపు క్రోమైటు నిల్వలలో అత్యధిక భాగం ఒడిశాలోని సుకిందా లోయది. బొమ్మలకు పేరుపడ్డ మన కొండపల్లి కొండలలోనూ ఆ ఖనిజం ఉంది.

అందుచేత నా విద్యార్థికి మొదట చెప్పినది, ఇంట్లో క్రోము పూత పోయడానికి ప్రయత్నించవద్దని. రెండవది, ఉన్న క్రోమును తొందరపడి గీకించవద్దని. బంపరు మీద కనిపించే ఎర్రమచ్చలలో చాలా భాగం పూతలోని సన్నని రంధ్రాల గుండా పైకి ఊరిన తుప్పే. సబ్బునీటితో మట్టి కడిగి, వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును ఉండచేసి నీటిలో ముంచి మెల్లగా రుద్దితే ఆ మచ్చ విడుస్తుంది. అల్యూమినియం క్రోమియం కన్నా మెత్తన, కనుక గీత పడదు. తరువాత తుడిచి ఆరబెట్టి మైనం పట్టించాలి, రంధ్రాలలోకి నీరు దిగకుండా. వానాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి చేస్తే చాలు. వాటర్ పేపరు మాత్రం క్రోము మీద పెట్టకూడదు. వెయ్యో వంతు మిల్లీమీటరు ఎన్ని రుద్దులకు ఆగుతుంది? పూత పెచ్చులుగా లేచిపోతే మాత్రం ఇంటి వైద్యం పనిచేయదు. అప్పుడు పొగగొట్టాలు, తొడుగులు సరిగా ఉన్న షెడ్డు వెతికి మళ్ళీ నికెలు నుండి పూయించాలి. ఖర్చు భరించలేకపోతే, అప్పుడు నల్లరంగు తప్పు కాదు.

నల్ల అంచులకూ ఒక చరిత్ర ఉంది. 1972లో ఫ్రాన్సులో రెనో 5 ప్లాస్టిక్ బంపర్లతో వచ్చింది. 1973 మోడళ్ళ నుండి, గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో ముందు తగిలినా దీపాల వంటివి దెబ్బతినకూడదని అమెరికా నియమం పెట్టింది. సన్నని క్రోము బంపర్ల కాలం అక్కడి నుండి తగ్గుముఖం పట్టింది. 1983 డిసెంబరులో మారుతి వచ్చాక మన వీథులలోనూ క్రమంగా అదే జరిగింది. ఆ ప్లాస్టిక్కులో ఎక్కువగా కనిపించేది పాలీప్రొపిలీను. ఎండ తట్టుకోవడానికి అందులో కలిపే నలుపు మన కాటుకకు దగ్గర చుట్టమైన మసే. అయినా ఏళ్ళ తరబడి ఎండకు పైపొర తెగి పొడిబారి బూడిదరంగు తేలుతుంది. నూనె రాస్తే వారాలపాటు నల్లగా కనిపిస్తుంది, వాన పడితే పోతుంది. నేరుగా రంగు కొడితే తామరాకు మీది నీటిబొట్టు వంటిదే, పట్టు దొరకదు. జిడ్డు పోయేలా కడిగి, సన్నని వాటర్ పేపరుతో గరుకు చేసి, ప్లాస్టిక్ కోసమే అమ్మే ప్రైమరు పూసి, ఆరిన తరువాత పలుచగా రెండు మూడు సార్లు రంగు వేయాలి.

మావాడి అంబాసిడరు బంపరు వెనకవైపు ఒక మూల మాత్రమే పెచ్చు లేచిందట. ముందుదానికి రేకు, మైనం చాలన్నాను. వెనకదాన్ని విప్పి షెడ్డుకు తీసుకుపోయే ముందు, అక్కడి పనివాడి మూతికి తొడుగు ఉందో లేదో చూసి రమ్మన్నాను.