వేటకుక్క ఛాతీ కొలిచిందెవరు?

గోదావరిఖనిలో ప్రబంధ పాఠం చెప్పడమంటే పంతులుకు కూడా పరీక్షే. ఒకనాడు మనుచరిత్ర నాలుగో ఆశ్వాసంలోని స్వరోచి వేట ఘట్టం చెబుతూ, వేటకుక్కలను మన కవులు ఎంత ఇష్టంగా వర్ణించారో వివరిస్తున్నాను. వెనక బెంచీ నుంచి ఒక గని కార్మికుని కొడుకు లేచి, "సార్, మా తాతను పనిల పెట్టుకునేటప్పుడు గూడ ఛాతి కొలిచిన్రట. ఆ కుక్కల ఛాతి ఎవరు కొలిచిన్రు సార్?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని జవాబు చెప్పలేకపోయాను. ఆ అబ్బాయి అడిగింది కుక్కల గురించి మాత్రమే కాదని ఇంటికి పోయాక తెలిసింది.

ముందు కుక్కనే చూద్దాం. దక్కను పీఠభూమి మీద రూపొందిన వేటజాగిలాన్ని పల్లెల్లో, తండాల్లో కర్వానీ అన్నారు; సంస్థానాల్లో ముధోల్ హౌండ్ అన్నారు. పొడుగాటి సన్నని తల, వేలాడే చెవులు, బారైన మెడ, లోతైన ఛాతీ, వీపుకు అంటుకుపోయినట్లుండే పొట్ట, పొడుగు కాళ్లు, పొట్టి వెంట్రుకలు. రెండడుగుల పైచిలుకు ఎత్తు. ఈ లక్షణాల్లో ప్రతిదాని వెనకా ఒక పని వుంది. ఛాతీ లోతుగా వుంటేనే పెద్ద గుండెకు, ఊపిరితిత్తులకు చోటు. పొట్ట లోపలికి పోయి, నడుము విల్లులా వంగితేనే వెనక కాళ్లు ముందుకాళ్లను దాటి పడతాయి. ఇది వాసన పట్టి వేటాడే కుక్క కాదు, చూపుతో వేటాడేది. చెట్లు పలచగా వుండే మెట్ట మైదానంలో చెవులపిల్లి దూరాన కదిలితే చాలు, కన్ను పడుతుంది, కాలు లేస్తుంది. స్వభావం కూడా పనికి తగ్గదే. కొత్తవాడి చెయ్యి ఒంటిమీద పడనివ్వదు, ముద్దు చేయించుకోదు, నమ్మిన మనిషిని వదలదు. కట్టేసి పెంచితే చెడిపోతుంది.

ఇదే కుక్కను మన గోదావరి ఒడ్డు టేకు అడవుల్లోకి తీసుకుపోతే దాని చూపు పది బారలకే ఆగిపోతుంది. అక్కడ కావలసింది ముక్కు, గొంతు, పొదల్లో దూరగల చిన్న ఒళ్లు, పందికి ఎదురునిలిచే గుండె. నల్లమల చెంచుల వెంట నడిచిన కుక్కకు రాజదర్బారులో ఏ ప్రశంసా రాలేదు, కాని చెంచు కుటుంబం దాన్ని నమ్ముకుని అడవిలోకి పోయింది. ఆదర్శ లక్షణమన్నది నేలను బట్టి, జంతువును బట్టి, ఆ వేట ఎవరి ఆకలి తీర్చాలన్నదాన్ని బట్టి మారుతుంది.

రాతలో మాత్రం ఆకలి కనిపించదు. ఋగ్వేదంలోనే సరమ ఇంద్రుని దూతగా పోయి, పణులు దాచిన ఆవుల జాడ తీస్తుంది. ఆవులు ఇంద్రుని పక్షానికి చేరాయి. సరమకు దక్కింది సంతానానికి సారమేయమన్న పేరు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో సారమేయవినోదమని ఒక అధ్యాయమే వుంది. అప్పటికి అనుమకొండ కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. అంటే మన ప్రాంతమూ ఆ వినోదం నీడలోదే. పేరులోనే సంగతి తెలిసిపోతుంది: బోయవాడికి బతుకుతెరువు, రాజుకు వినోదం.

అయినా ఒక్క శాసనం నన్ను నిలబెట్టింది. కర్ణాటకలో మండ్య ప్రాంతపు ఆతకూరు శాసనం, సుమారు క్రీ.శ. 950 నాటిది. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు చోళులను తక్కోలం దగ్గర ఓడించిన యుద్ధంలో గంగరాజు బూతుగుని వెంట పోరాడిన మణలేరుడు, బహుమానంగా కాళి అనే వేటకుక్కను కోరి తీసుకున్నాడు. కాళి ఒక అడవిపందితో తలపడింది, రెండూ చచ్చాయి. కుక్క పేర రాయి నిలిపి, భూమి దానమిచ్చారు. ఆ రాతికి పూజ చేయకుండా తిన్న పూజారికి కుక్క చేసిన పాపం అంటుతుందని కూడా రాయించారు. రాతి మీద కుక్కా పందీ కలబడుతున్న బొమ్మ వుంది. కుక్క పేరు వుంది, ప్రభువుల పేర్లున్నాయి. కాళికి కూడు పెట్టి, పరుగు నేర్పినవాడి పేరు లేదు.

ఇక ప్రబంధాల సంగతి. పెద్దన వేట ఘట్టాన్నీ, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలోని తిన్నని వేటనూ మన విమర్శకులు కవి లోకజ్ఞతకు నిదర్శనమంటారు. ఆ లోకజ్ఞత ఎవరిదని అడగరు. ఈ ఘట్టాల్లోకి రాగానే దేశ్యపదాలు గుంపులుగా వచ్చిపడతాయి. అంతదాకా సమాసాల మీద నడిచిన కవి ఇక్కడ బోయవాడి నోటిమాట తీసుకోక తప్పలేదు, ఎందుకంటే వలకు, ఉరికి, జాగిలానికి పేర్లు పెట్టింది వాళ్లే. ఛాతీ కొలిచింది వాళ్లే, అరచేత్తో. రాసుకున్నది ఆస్థానం. ధూర్జటి కనీసం తిన్నణ్ణి కథానాయకుణ్ణి చేశాడు. కాని వాణ్ణి కూడా భక్తుడయ్యాకే లోకం తలకెత్తుకుంది.

కర్వానీ పేరులోనే కారవాను వుంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కనంతా తిరిగిన లంబాడీల బిడారుల్లో ఈ కుక్క రాత్రి కాపలాదారు, పగలు వేటగాడు. సైన్యాలకు కూడా వాళ్లే గింజలు మోశారు. ఆ బతుకును కూల్చింది రైలు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో డాక్టర్ కింగ్ బొగ్గు కనుగొన్నాడు. అదే 1871లో బ్రిటిషు ఇండియాలో సంచారజాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసే చట్టం వచ్చింది. రెండూ కలిసి రావడం యాదృచ్ఛికమే కావచ్చు. బొగ్గు రైలును నడిపింది, రైలు ఎద్దు బిడారును ఆపింది. 1920ల చివర కాజీపేట–బల్లార్షా దారి రామగుండం మీదుగా పూర్తయ్యేనాటికి తండాలు నాగలి పట్టాయి, కూలికి పోయాయి. తర్వాత వాళ్ల పిల్లలు కొందరు బొగ్గుబావుల్లోకీ దిగారు.

కుక్క మాత్రం పైకెక్కింది. ముధోల్ రాజు మాలోజీరావు ఘోర్పడే వీటి జంటను ఐదవ జార్జికి బహూకరించాడని ప్రసిద్ధి. 1873లో లండనులో పుట్టిన కెన్నెల్ క్లబ్బు పద్ధతి వెంట వచ్చింది: ఎత్తు ఇన్ని అంగుళాలు, తోక ఇంత వంపు, వంశావళి కాగితం. పరుగెత్తించి చూసే పని లేదు. బల్ల దగ్గర నిలబెట్టి మార్కులు వేస్తే చాలు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి వేట ఆగింది. ఆ చట్టం అవసరమైనదే. కాని దొరల షికారు నాడు డప్పులు కొట్టి జంతువులను తరమడానికి వెట్టికి పోయినవాళ్ల మీదా, అడవిని ఖాళీ చేసిన తుపాకుల మీదా అది ఒకే తీరుగా పడింది.

ఇప్పుడు ఒక క్లబ్బు ఈ కుక్కను కారవాన్ హౌండ్‌గా, మరొకటి ముధోల్ హౌండ్‌గా నమోదు చేస్తున్నాయి. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల స్టాంపులు విడుదల చేసినప్పుడు పడిన పేరు ముధోల్. ఆ స్టాంపును మొన్న తరగతిలో చూపించాను. ప్రశ్న అడిగిన అబ్బాయి దాన్ని చాలాసేపు చేతిలో పెట్టుకుని, "గిది మా తండల ఉండేది సార్," అన్నాడు.