తుపాకి మందు – మోతాదు

నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా పడమటికి పోవు బాటసారికి చాల దూరమునుండియే ఉదయగిరి దుర్గము కానవచ్చును. సుమారు 3,000 అడుగుల యెత్తున నున్న ఆ కొండకోట మన సీమ వారి కందఱకును తెలిసినదే. నేటి ప్రసంగమున ఆ కోటను ఆధారముగా జేసికొని, తుపాకి మందు చరిత్రను కొంత విన్నవించెదను.

మన భాషలో వైద్యు డిచ్చునదియు మందే. తుపాకిలో పోయునదియు మందే. ఈ పేరు పెట్టిన పెద్దలు సామాన్యులు కారు. ఏ రోగికి ఏ మందు, ఎంత మోతాదు అను విచారణ లేనిచో ఔషధమే విషమగును. తుపాకి విషయమునను అంతియే.

1513వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు గజపతుల యధీనమున నున్న ఉదయగిరిని ముట్టడించెను. ముట్టడి దాదాపు ఏడాదిన్నర సాగినదనియు, కోటలో 10,000 కాల్బలమును 400 గుఱ్ఱములును ఉండెననియు, ఆకలిచే మాడ్చిననే తప్ప దానిని పట్టుట దుర్ఘటమనియు పోర్చుగీసు వాడగు నూనిజ్ వ్రాసియున్నాడు. రాయలు పెద్ద బండలను పగులగొట్టించి, బురుజుల దాపునకు బాటలు వేయించెను. 1514లో దుర్గము వశమయ్యెను. తిరుమల రౌతరాయలు చెఱపట్టబడెను. ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును హంపికి గొంపోయి, రాయలు దానికి ఆలయము కట్టించెను. ఈ విజయమును తెచ్చినది ఓర్పే గాని మందుగుండు కాదు. ఆఱేండ్లకు, అనగా 1520లో, రాయచూరు ముట్టడియందు మాత్రము పోర్చుగీసు తుపాకివాండ్రు రాయల పక్షమున నిలిచి, గోడలపై నున్న శత్రువులను కొట్టి పడవేసిరి. తుపాకి విలువ నాటికి దక్షిణదేశమున తేటపడెను.

ఆ తుపాకులలో వాడినది నల్లని మందు. పెట్లుప్పు, గంధకము, బొగ్గు – ఈ మూడింటి కలయిక యది. అందు పెట్లుప్పే అధిక భాగము. బొగ్గునకు తేలికపాటి కట్టె శ్రేష్ఠము. మన దేశమున కందికట్టె బొగ్గును ఇందులకు వాడుచుండిరి. మొదట ఈ మందు పిండివలె నుండెడిది. బండ్లమీద ప్రయాణములో కుదుపులకు దేనికది వేఱుపడుచుండెను. పిమ్మట దానిని తడిపి, గుళికలుగా జేసి, ఆరబెట్టుట నేర్చిరి. అప్పుడే ఒక రహస్యము బయటపడెను. సన్నని గుళికలు గుప్పున మండును. ముతక గుళికలు నిదానముగా మండును. కావున చెవి దగ్గఱ పోయు రంజకమునకు సన్ననిది, తుపాకి గొట్టమునకు అంతకంటె ముతకది, ఫిరంగికి మఱింత ముతకది వాడవలసి వచ్చెను. పొయ్యిలో కందికంప భగ్గున నెగసి చల్లారుటయు, తుమ్మమొద్దు జాములకొలది కాలుటయు ఎఱిగినవారికి ఇది వేఱుగ జెప్ప నక్కఱలేదు.

మందన్న ప్రభుత్వములకు భయము మెండు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కోటలో ఫిరంగులును మందుగుండును విస్తారముగా దొరకినవి. అతని రాజ్యము పోయెను. ఆ కుట్రలో చేరినాడను నేరముపై ఉదయగిరి జాగీర్దారు అబ్బాసు అలీఖానును జాగీరు పోగొట్టుకొని, చెంగల్పట్టునకు పంపబడెను. 1878 నాటి ఆయుధముల శాసనముతో లైసెన్సు లేక తుపాకి యుంచుకొనుట నేరమయ్యెను.

ఇంతలో మందే మాఱెను. 1884లో వియెయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నత్రికామ్లముచే సంస్కరించిన పత్తినుండి పొగలేని మందును సిద్ధపఱచెను. 1889లో ఆంగ్లేయులు త్రాళ్లవలె నుండు 'కార్డైటు'ను తెచ్చిరి. నీలగిరులలోని అరువంకాడున దానికై కర్మాగారము వెలసెను. ఈ క్రొత్తమందు బలము పాతదానికంటె చాల హెచ్చు. ఇక్కడనే అనర్థము వచ్చెను. పాత అలవాటున, అదే కొలత గిన్నెతో, అంతే పరిమాణమున క్రొత్తమందు పోసినవారి తుపాకులు పగిలినవి, వ్రేళ్లు తెగినవి, కన్నులు పోయినవి. కావుననే ఈ మందును గిన్నెతో కొలువరాదు. కంసాలి బంగారమును తూచునట్లు త్రాసున తూచవలెను. దాని తూనిక గ్రెయిను. 7,000 గ్రెయినులు ఒక పౌను.

1912లో లండనులోని హాలండ్ అండ్ హాలండ్ వారు 375 మాగ్నం అను తోటాను వెలువరించిరి. మాగ్నం అనగా లాటిను భాషలో పెద్దది. దాని ఇత్తడి తొడుగు పెద్దది, పట్టు మందు ఎక్కువ, గుండు బరువైనది. కాల్చిన తొడుగును మరల స్వహస్తముతో నింపుకొను వేటగాడు ఎట్టి మందు నేఱుకొనవలెను? వేగముగా మండునది పోసెనా, బరువైన గుండు కదలకమునుపే ఒత్తిడి పెచ్చుపెరిగి తుపాకి పగులును. మెల్లగా రగులుకొని, గుండు సాగినకొలది వెంబడించి త్రోయు మందే దానికి తగినది. ఆ మెల్లని మందునే చిన్న తోటాలో పోసినచో పూర్తిగా మండక గుండు బలహీనమగును. తక్కువ పోసిన క్షేమమని తలచుటయు పొరపాటే. పెద్ద తొడుగులో మెల్లని మందు మఱీ కొంచెమైనను ప్రమాదము కలదు. తయారుచేసినవారు వ్రాసి యిచ్చిన మోతాదే ప్రమాణము.

మఱియొక సంగతి మన ఎండలకు సంబంధించినది. కార్డైటు వేడెక్కిన కొలది ఒత్తిడి హెచ్చును. చలిదేశమున సరిపోయిన తోటా, వేసవిలో మన పడమటి సీమ వంటి చోట పేలినపుడు తొడుగు అరలో బిగుసుకొని రాకపోవచ్చును. ఎదుట గాయపడిన పులి యుండగా అట్లు జరిగినచో ఏమగునో ఊహింపుడు! కావుననే ఆంగ్లేయులు ఉష్ణదేశములకు మోతాదు తగ్గించిన తోటాలను ప్రత్యేకముగా పంపుచుండిరి. 375 మాగ్నం తొడుగును అంతటను ఏటవాలుగా జేయుటయు, వేడిలో సైతము అది సుళువుగా వెలికి వచ్చుటకే.

1972 నాటి వన్యమృగ సంరక్షణ శాసనముతో వేట ముగిసినది. వెలిగొండలలో మృగములకు నేడు రక్షణ కలదు. అయినను పాత తుపాకిని అటకమీద దాచియుంచిన యిండ్లు లేకపోలేదు. లైసెన్సు లేని తుపాకిని పోలీసుల కప్పగించుటయే మేలు. తాతలనాటి మందు పొట్లము కంటబడినను పిల్లల చేతికి అందనీయకుడు, పొయ్యి దరికి చేర్పకుడు, దానిని పరీక్షింపబూనకుడు. ఉదయగిరి కొండను ఏడాదిన్నర ఓర్పుతో గెలిచినారు. మందు విషయమున మాత్రము ఒక్క నిమిషపు తొందర చాలును, తరములనాటి ఇల్లు కూలుటకు.