తొలి వరదలో చేప

మృగశిర కార్తె ఏటా జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ ఉదయం ఖమ్మం, కొత్తగూడెం చేపల బజార్లలో కాలు పెట్టే సందుండదు. రోహిణి ఎండలు పోయి ఒళ్ళు చల్లబడే వేళ చేప తింటే మంచిదని పెద్దలు పెట్టిన ఆనవాయితీ. ఇంటికి తెచ్చిన చేప కడుపు కోస్తే గుడ్ల తిత్తి జారిపడుతుంది. దాన్ని విడిగా వేయించి పిల్లలకు పెడతారు. బొచ్చె, రోహు లాంటివి గుడ్లు పెట్టేది తొలకరి తర్వాతే కాబట్టి, ఆనవాయితీ సరిగ్గా వాటి పురుడు ముంగిట్లో వచ్చి నిలిచిందన్నమాట. పెద్దలు చేపల లెక్క చూసి పెట్టారా, వానల లెక్క చూసి పెట్టారా అన్నది వేరే సంగతి.

భద్రాచలం అడవి అంచు ఊళ్ళలో అసలు వేట కార్తె దాటాక మొదలయ్యేది. ఎండాకాలమంతా కిన్నెరసాని, తాలిపేరు వాగుల్లో నీళ్ళు మడుగులకు కుంచించుకుపోతాయి. మిగిలిన చేపలన్నీ ఆ మడుగుల్లోనే తలదాచుకుంటాయి. తొలి వాన గట్టిగా పడి ఎర్రనీళ్ళు దిగాయంటే చాలు, చేపకు కబురందినట్టే. కొత్తనీటి వాసన పట్టుకుని ఏటికి ఎదురెక్కుతుంది. పరకలు, జెల్లలు ఒర్రెల్లోంచి పాకి చీలమండ లోతు మడి నీళ్ళలోకి వస్తాయి. పెద్దవి వరదలో మునిగిన గడ్డి నేలలు వెతుక్కుంటాయి. చెరువు నిండి అలుగు పారితే, పడే ధారకు ఎదురు ఎగిరి రాళ్ళ మీద పడి కొట్టుకుంటాయి. అలుగు కింద చేప పట్టడానికి వల కూడా అక్కర్లేదు, పాత పంచె ఇద్దరు పట్టుకుంటే చాలు.

ఒర్రెకు అడ్డంగా వెదురు దడి కట్టి నడుమ ఒక్క సందు వదులుతారు. ఆ సందులో బుట్ట పెడతారు. బుట్ట నోట్లో వెదురు పుల్లలు లోపలివైపు వాలి ఉంటాయి. దూరేటప్పుడు పుల్లలు పక్కకు ఒదుగుతాయి, తిరిగి రాబోతే మొనలు ముఖానికి గుచ్చుకుంటాయి. రాత్రి పెట్టి తెల్లారి ఎత్తడమే. ఎదురెక్కే చేప తనంతట తానే వచ్చి పడుతుంది, మనిషి చేసేదల్లా దారి ఎక్కడో తెలుసుకోవడం.

కొరమీను కథ వేరు. తెలంగాణలో కొర్రమట్ట అంటారు. ఇది ఎదురెక్కి పోయే రకం కాదు. కుంట అంచున, తుంగ మధ్య మూరెడు మేర చోటు చదును చేసుకుంటుంది. గుడ్లు పసుపు పూసల్లా నీటి మీద తేలతాయి, ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. ఆ తర్వాత చూడాలి. పలకంత మేర నీరు ఎర్రగా కదులుతూ, సన్నగా బుడగలు తేలుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుగుతుంటుంది. అవి పిల్లలు. వాటి కింద తల్లో తండ్రో, ఒక్కోసారి రెండూ, కాపలా కాస్తుంటాయి. పిల్లల దండు మధ్యకు ఏం వచ్చి పడినా తరిమికొడతాయి. సరిగ్గా అక్కడే కప్పపిల్లను గుచ్చిన గాలం పడుతుంది. కాపలాగా ఉన్న చేప ఆకలితో కాదు, కోపంతో దాన్ని నోట కరుస్తుంది. గాలం లాగిన మనిషి చేతికి కిలో చేప దక్కుతుంది. వెనక మిగిలిన ఎర్ర దండును కాసేపట్లో మిగతా చేపలు, కొంగలు చక్కబెడతాయి.

ఈ కిటుకు ఇక్కడివాళ్ళకే తెలిసిందనుకోవద్దు. అమెరికా చెరువుల్లో క్రాపీ అనే చేప ఉంది. వసంతంలో నీళ్ళు వెచ్చబడగానే మగచేప ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్ళలో గూడు ఊడ్చుకుని గుడ్లకు కాపలా ఉంటుంది. గాలంగాళ్ళకు అదే పండగ సీజన్. అక్కడ చాలా రాష్ట్రాలు మనిషికి రోజుకు ఇన్ని చేపలేనని లెక్క కట్టాయి.

మన దగ్గర లెక్క చట్టంగా వచ్చింది, అదీ ఒక గోడ వల్ల. 1852లో ఆర్థర్ కాటన్ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. డెల్టా పండింది. కానీ సముద్రం నుంచి వరద నీటికి ఎదురెక్కి గుడ్లు పెట్టడానికొచ్చే పులసకు దారి మూసుకుంది. ఆనకట్టలు చేపల రాకకు అడ్డమవుతున్నాయేమో చూడమని 1860ల్లో ప్రభుత్వానికి రాసింది కూడా కాటనే. తాను కట్టిన గోడ మీద తానే ఫిర్యాదు చేసిన ఇంజనీరును చరిత్రలో వెతకాల్సిందే. విచారణ పని మద్రాసు సైన్యంలోని వైద్యుడు ఫ్రాన్సిస్ డే మీద పడింది. 1873లో వచ్చిన అతని నివేదిక రెండు వైపులా వేలు చూపింది: దారి మూసిన ఆనకట్టలు ఒకటి, పిల్లచేపను కూడా వదలని సన్నకంటి వలలు, పొలాల్లోని బుట్టలు రెండోది.

1897లో ఇండియన్ ఫిషరీస్ యాక్టు వచ్చింది. డైనమైట్ పేలిస్తే, నీళ్ళలో విషం కలిపితే రెండు నెలల దాకా జైలు లేదా 200 రూపాయల దాకా జరిమానా. వల కన్ను ఎంత ఉండాలో, బుట్టలు ఎక్కడ పెట్టకూడదో నిర్ణయించే అధికారం ప్రభుత్వాలకు దక్కింది. ఆనకట్ట కట్టేవాడు చేపకు దారి వదలాల్సిందేనన్న మాట మాత్రం అందులో లేదు. ఒర్రెలోని బుట్ట చట్టానికి కనిపించింది, ఏటికి అడ్డంగా ఉన్న రాతిగోడ కనిపించలేదు.

గోడ ధవళేశ్వరంలోనే ఆగలేదు. వార్ధా వైపు నుంచి పత్తి పడవలు గోదావరి మీదుగా సముద్రానికి దిగాలని 1860ల్లో భద్రాచలం ఎగువన దుమ్ముగూడెంలో ఇంకో ఆనకట్ట లేచింది. ఖర్చు తడిసి మోపెడై 1871లో పథకం వదిలేశారు. పడవలు రాలేదు గానీ గోడ నిలిచిపోయింది.

ఇక్కడ ఏరు హద్దు కూడా. భద్రాచలం తాలూకా 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. ఎదుటి ఒడ్డున బూర్గంపాడు, పాల్వంచ నైజాం ఇలాకా. నైజాంలో చేపల చట్టం 1357 ఫసలీలో, అంటే 1947–48లో వచ్చింది. అంతకుముందు అర్ధశతాబ్దం పాటు ఒకే గోదావరికి ఆ గట్టున తెల్లవాళ్ళ చట్టం, ఈ గట్టున నైజాం పద్ధతి. చేపకు ఈ సంగతి తెలియదు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిశాకగానీ రెండు గట్లూ ఒక కలెక్టరు కిందికి రాలేదు.

విషం అన్నచోట ఒక ముచ్చట చెప్పాలి. ఇప్ప అడవుల్లో బతికేవాళ్ళకు ఇప్పగింజ నూనె తీశాక మిగిలే చెక్కలో చేపను మత్తెక్కించే గుణముందని తెలుసు. ఎండాకాలపు మడుగులో కలిపితే చేప తేలుతుంది, తిన్న మనిషికి ఏమీ కాదు. చట్టం దృష్టిలో ఇది నేరం. తర్వాత చేపల పెంపకం శాస్త్రమైంది. పిల్లలు వదిలే ముందు చెరువులో పనికిరాని చేపలను తీసేయడానికి మీటరు లోతు నీటికి హెక్టారుకు సుమారు 2,500 కిలోల ఇప్పచెక్క వేయమని శాస్త్రవేత్తలే రాశారు. రెండు మూడు వారాల్లో విషం విరిగి ఎరువవుతుందని కూడా.

పెంపకం మలుపు తిరిగింది 1957 జులై 10న. బొచ్చె, రోహు లాంటివి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, పారే వరద కావాలి. అందుకే అంతవరకూ పిల్లలను ఏళ్ళలోంచి పట్టుకొచ్చి చెరువుల్లో వేసేవారు. ఆ రోజు ఒడిశాలో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించాడు. ఆ తర్వాత పిల్ల హేచరీ నుంచి సంచుల్లో ఊరికొస్తోంది. 2016–17 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువులకు ఉచితంగా పిల్లలు వదలడం మొదలుపెట్టింది. చేప ఎదురెక్కాల్సిన పని తప్పింది, దాన్ని కనిపెట్టి కాసుకునే పని మనిషికీ తగ్గింది. రాష్ట్ర చేపగా ఎంపికైన కొరమీను మాత్రం తన గూడు తానే ఊడ్చుకుంటోంది.

పోలవరం దగ్గర ఇప్పుడు కొత్త గోడ లేచింది. ఈసారి ఇంజనీర్లు చేపను మరిచిపోలేదు. స్పిల్‌వేలో పులస కోసం నిచ్చెన లాంటి దారి కట్టారు, వరద ఎత్తు మారినా చేప ఎక్కేలా వేర్వేరు మట్టాల్లో ద్వారాలు పెట్టారు. దాని మొదటి మెట్టు చేరాలంటే పులస ముందుగా, కిందనున్న ధవళేశ్వరం దాటి రావాలి.