ఆయి చెరువు, మన ఇంటి కప్పు: పుదుచ్చేరి నీటి చరిత్ర

పుదుచ్చేరి భారతి ఉద్యానవనం నడుమ తెల్లని మండపం ఒకటి నిలిచి ఉంది. చూడవచ్చినవారు దానిని ఏ సేనాని విజయానికో గుర్తుగా కట్టి ఉంటారని తలుస్తారు. కాని అది ఒక చెరువును తవ్వించిన స్త్రీ పేర వెలసిన కట్టడం. ఆమె పేరు ఆయి.

ఆయి కథ విజయనగర కాలానిదని స్థానిక ఐతిహ్యం. శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) ఈ ప్రాంతానికి వచ్చినపుడు దీపకాంతులతో వెలుగుతున్న ఒక భవనాన్ని చూచి, దేవాలయమనుకొని నమస్కరించాడట. నమస్కరించినది రాయలు కాదు, ఆయన అధికారి అని చెప్పేవారూ ఉన్నారు. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలియగానే ఆగ్రహించి కూల్చివేయమని ఆజ్ఞాపించాడు. ఆమె ఎదిరించలేదు. ఆ స్థలంలో ప్రజలకు ఉపయోగపడే చెరువును తానే తవ్వించేందుకు మాత్రం అనుమతి కోరింది. ముత్తిరపాళయంలోని చెరువు అలా ఏర్పడిందని జనశ్రుతి. ఐతిహ్యంలోని ప్రతి అంశాన్నీ చరిత్రగా తీసుకోనవసరం లేదు. ఏ పట్టణమైనా ఎవరిని తలచుకొంటున్నదన్నది కూడా చరిత్రే.

మూడు శతాబ్దాలు గడిచాయి. ఫ్రెంచి పాలనలో సముద్రతీరాన పెరిగిన పట్టణానికి మంచినీటి కొరత తీరలేదు. 1860లలో ఫ్రెంచి స్థావరాల ప్రధాన ఇంజనీరు లామెరెస్ ముత్తిరపాళయం నీటిని నాలుగైదు కిలోమీటర్ల దూరం నడిపించి పట్టణానికి చేర్చాడు. ఆ సందర్భంగా ఆయి కథ విన్న మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆమె స్మృతిగా మండపం కట్టించమన్నాడని చెబుతారు.

ఈ ఇంజనీరు బౌద్ధులమైన మనకు మరొక విధంగానూ స్మరణీయుడు. స్వదేశం చేరిన తరువాత ఆయన భారతదేశపు మత చరిత్రపై గ్రంథాలు వ్రాశాడు. 1892లో ఫ్రెంచి భాషలో బుద్ధుని జీవితచరిత్రను వెలువరించాడు.

1880 నాటికి పట్టణానికి మరొక వరం లభించింది. లోతుగా తవ్విన గొట్టపుబావులలో నీరు భూగర్భపు ఒత్తిడికి తానుగా పైకి ఉబికి వచ్చింది. ఆ తరువాతి తరాలు మోటార్లతో నీటిని తోడసాగాయి. తీరప్రాంతంలో భూగర్భజలం నేలలోకి ఇంకినదానికంటె ఎక్కువగా తోడితే, లోపలి మంచినీటి ఒత్తిడి తగ్గి సముద్రపు ఉప్పునీరు చొచ్చుకువస్తుంది. నేడు పుదుచ్చేరి ఎదుర్కొంటున్న ఆపద ఇదే. నీటికోసం దూరానికి, ఆపై లోతుకు వెళ్ళిన పట్టణం తన నెత్తిన కురిసే వానను మరచింది.

మన పూర్వ భిక్షువులు దానిని మరువలేదు. విశాఖపట్నం సమీపంలోని బావికొండ, తొట్లకొండలను చూడండి. వాటి పేర్లలోనే నీరున్నది. సుమారు రెండువేల ఏళ్ళ క్రితం ఆ కొండలపై విహారాలు నెలకొన్నపుడు, అక్కడి వారు రాతిని తొలిచి తొట్లు చేసి వాననీటిని నిలువ చేసుకొన్నారు. భిక్షువు వద్ద ఉండదగిన ఎనిమిది పరికరాలలో నీటిని వడగట్టే గుడ్డ ఒకటి. నీటిలోని సూక్ష్మప్రాణికి సైతం హాని కలుగరాదన్నది దాని ఉద్దేశం. పట్టడం, వడగట్టడం, మితంగా వాడడం అనే మూడు నియమాలు ఇంటి జలసంరక్షణకు నేటికీ చాలు.

లెక్క సులభం. 100 చదరపు మీటర్ల కప్పుపై ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 1,000 లీటర్ల నీరు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినపుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వర్షం పడింది. అంటే అటువంటి ప్రతి కప్పు నుండి 40,000 లీటర్లకు పైగా నీరు. వీధులను ముంచినది అదే నీరు. ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరులో ప్రవేశిస్తాయి గనుక సెప్టెంబరులోనే కప్పును శుభ్రపరచాలి. తొలివాన నీటిని బయటకు వదిలివేయాలి. తరువాతి నీటిని కంకర, ఇసుక పొరల గుండా వడగట్టి, దోమలు చొరకుండా మూసిన తొట్టిలో నింపాలి. తొట్టి నిండగా పొర్లినదానిని ఇంకుడు గుంతలోకి మళ్ళించాలి. వీధి మురుగు మాత్రం దానిలో కలియరాదు.

వనాలు నాటినవారికి, వంతెనలు కట్టినవారికి, చలివేంద్రాలు, బావులు ఏర్పరచినవారికి రేయింబవళ్ళు పుణ్యం పెరుగుతుందని సంయుత్త నికాయంలోని వనరోప సుత్తం బోధిస్తున్నది. ఆ పుణ్యానికి ఆయి తన ఇంటిని కోల్పోవలసి వచ్చింది. మనకు ఆ కష్టం లేదు. ఇల్లు నిలిచి ఉండగానే దాని కప్పును చెరువుగా మార్చుకోవచ్చు. పుదుచ్చేరిలోను, అదే పాలనలోని మన యానాంలోను, గోదావరి నుండి తీరాంధ్రం వరకు ఉన్న ఉపాసకుల ఇళ్ళలోను రానున్న వర్షావాసానికి ముందే ఈ పని మొదలు కావాలని మేము కోరుతున్నాము.