షాజహాను నిర్యాణం: శాసనంలోని చీకటి, చిత్రంలోని వెన్నెల

హుగ్లీ నదికి పశ్చిమ తీరాన, కోల్‌కతాకు ఎదురుగా ఉన్న షాలిమార్ నేడు రైళ్ల రాకపోకలకు ప్రసిద్ధి. ఆ పేరు వినగానే చరిత్రకారులకు మొగలుల ఉద్యానవనాలు స్ఫురిస్తాయి. లాహోరులో షాలిమార్ తోటను 1641-42లో నిర్మింపజేసినవాడు షాజహాను. ఆయన అంతిమ ఘడియలకు చిరస్మరణీయమైన చిత్రరూపం లభించింది కూడా ఈ హుగ్లీ తీర నగరంలోనే. అవనీంద్రనాథ ఠాకూరు (1871-1951) తన కళాజీవితపు తొలిదశలో, 1902లో, 'షాజహాను నిర్యాణం' చిత్రించారు.

ఆగ్రా కోటలోని మండపంలో శయ్యపై వృద్ధ చక్రవర్తి, పాదాల చెంత కుమార్తె జహనారా, యమునకు ఆవల దూరాన వెన్నెలలో తాజ్‌మహల్ - ఇంతే ఇందలి ఇతివృత్తం. 1902-03 ఢిల్లీ దర్బారు సందర్భంగా జరిగిన కళాప్రదర్శనలో దీనికి రజత పతకం లభించింది.

1658లో ఔరంగజేబు చేత బందీ అయిన షాజహాను ఆ కోటలోనే శేషజీవితం గడిపి 1666లో కన్నుమూశాడు. తాజ్‌మహల్‌లోని సమాధి శాసనం ఆ మరణాన్ని హిజరీ 1076 రజబు మాసం 26వ రాత్రి జరిగినట్లు పేర్కొంటున్నది. హిజరీ మాసం నెలవంక దర్శనంతో ఆరంభమవుతుంది. కనుక 26వ రాత్రి అంటే అమావాస్య సమీపించిన రాత్రి. వేకువ జామున సన్నని చంద్రరేఖ కనిపించవచ్చునే గాని, తాజ్‌మహల్ మీద వెన్నెల పరచుకొనే అవకాశం లేదు.

మరి ఆ వెన్నెల ఎక్కడిది? ఆ రోజులలో కలకత్తాను పీడించిన ప్లేగు వ్యాధికి అవనీంద్రుల చిన్నారి కుమార్తె బలి అయింది. ఆ శోకాన్నంతా ఈ చిత్రంలో నింపానని ఆయన తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. చిత్రంలో తండ్రి కోసం కూతురు దుఃఖిస్తున్నది. చిత్రకారుని ఇంట కూతురి కోసం తండ్రి దుఃఖించాడు.

చిత్రణ విధానం సైతం పరిశీలించదగినది. ఇటలీ దేశస్థుడు గిలార్ది, ఆంగ్లేయుడు పామర్ వద్ద అవనీంద్రులు పాశ్చాత్య పద్ధతులు అభ్యసించారు. ఇతివృత్తం మొగలాయిదే అయినా, ఇది తైలవర్ణ చిత్రం. జపాను చిత్రకారులు తైకాన్, షున్‌సో 1903లో కలకత్తాకు వచ్చిన పిదపనే ఆయన కుంచెలో నీటిరంగుల వాష్ పద్ధతి రూపుదిద్దుకొన్నది. ఆయన ప్రారంభించిన వంగ చిత్రకళోద్యమం ప్రమోద్‌కుమార్ చటోపాధ్యాయ ద్వారా మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరింది. అడివి బాపిరాజు ఆయన శిష్యులే.

షాజహాను మరణించిన రాత్రిని నిర్ణయించడానికి సమాధి శాసనం చాలు. 1902 నాటి కలకత్తాలో ఒక తండ్రి పడిన వేదనకు మాత్రం ఈ వెన్నెలే ఆధారం.