పులికాట్ సరస్సులో పడవ ప్రయాణం, చేపల వేట

పులికాట్ సరస్సు ఆంధ్ర ప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులో, బంగాళాఖాతం తీరాన ఉన్న ఉప్పునీటి సరస్సు. ఒడిషాలోని చిల్కా తరువాత భారతదేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. దీనిని తెలుగువారు ప్రళయ కావేరి అని కూడా అంటారు. సరస్సులో అత్యధిక భాగం ఆంధ్ర ప్రదేశ్‌లోనే ఉన్నది. పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండిన సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాలు 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరాయి. దోనెలలోను, చిన్న పడవలలోను ప్రయాణించి చేపలు పట్టడం ఇక్కడి దీవుల ప్రజల నిత్యజీవితం. బయటి వారికి ఇది విహారం.

సరస్సు స్వరూపం

సరస్సు ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కి.మీ. పొడవున్నది. విస్తీర్ణం ఆటుపోట్లను, ఋతువును బట్టి 250 నుండి 450 చ.కి.మీ. వరకు మారుతుంది. సగటు లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. తూర్పున శ్రీహరికోట దీవి దీనిని సముద్రము నుండి వేరు చేస్తున్నది. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రపు నీరు వస్తుంది. ఈ రెండు నీళ్ళ కలయికయే సరస్సులోని జీవరాశికి ఆధారం.

ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అనగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, సరస్సు నిండుతుంది. వేసవిలో ఉత్తర భాగంలో చాలా చోట్ల నీరు ఇంకి ఉప్పు మేటలు తేలుతాయి. అప్పుడు పడవ నడపడం సాధ్యం కాదు.

పడవలు, వేట పద్ధతులు

లోతు తక్కువ కావడం వలన ఇక్కడ తెడ్డు కంటె గడకర్ర ఎక్కువ ఉపయోగం. గడను అడుగున ఉన్న బురదలో ఊని పడవను ముందుకు నెడతారు. గాలి అనుకూలించినప్పుడు తెరచాప ఎత్తుతారు. చిన్న పడవలో సాధారణంగా ఇద్దరు ఉంటారు. ఒకరు వెనుక నిలబడి గడ వేస్తే, రెండవ వారు ముందు నిలబడి విసురు వల వేస్తారు. వల విసిరే క్షణంలో బరువు ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు పడవను నిలకడగా ఉంచవలసినది గడ పట్టిన వ్యక్తి. అందుచేత ఈ పనిలో జత కుదరడం ముఖ్యం.

మడవ, పండుగప్ప, పాలబొంత వంటి చేపలు, రొయ్యలు, పీతలు ఇక్కడ లభిస్తాయి. పట్టపు కులస్థులు, యానాదులు ఇక్కడ వేటపై ఆధారపడి జీవించేవారిలో ముఖ్యులు.

దీవులు, చరిత్ర

తడ మండలంలోని ఇరకం దీవికి భీమునివారిపాలెం నుండి పడవలో వెళతారు. సరస్సుకు దక్షిణాన ఉన్న పళవేర్కాడు (పులికాట్) పట్టణంలో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను నిర్మించారు. సరస్సు గుండా సాగే బకింగ్‌హాం కాలువలో ఒకప్పుడు సరుకుల పడవలు మద్రాసుకు వెళ్ళేవి. రోడ్డు, రైలు రవాణా పెరిగిన తరువాత ఆ రాకపోకలు క్షీణించాయి. ఈ ప్రాంత జీవితమే స.వెం.రమేశ్ రచించిన ప్రళయకావేరి కథలకు ఇతివృత్తం.

నియమాలు

ఆంధ్ర ప్రదేశ్ భాగాన్ని 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలో ప్రవేశించడానికి, రాత్రి బస చేయడానికి అటవీ శాఖ అనుమతి అవసరం. నిప్పు రాజేయడం, ఆయుధాలతో ప్రవేశించడం నిషిద్ధం. శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రం ఉన్నందున ఆ తీరాన అనుమతి లేకుండా దిగరాదు. శీతకాలంలో వచ్చే రాజహంసలు (ఫ్లెమింగోలు) మేత మేసే చోటికి పడవ దగ్గరగా వెళితే అవి మేత విడిచి లేచిపోతాయి. కనుక దూరంగా ఉండి చూడడం మంచిది.

ప్రమాదాలు

లోతు తక్కువని నిర్లక్ష్యం చేయరాదు. ముఖద్వారాల దగ్గర ప్రవాహం బలంగా ఉంటుంది. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు వద్ద విహారానికి వెళ్ళిన పడవ మునిగి 22 మంది మరణించారు. లైఫ్ జాకెట్ ధరించడం, పరిమితికి మించి ఎక్కకపోవడం, స్థానిక జాలరిని వెంట తీసుకొని వెళ్ళడం, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్రయాణం మానుకోవడం తప్పనిసరి. తాగునీరు వెంట ఉండాలి, సరస్సు నీరు తాగడానికి పనికిరాదు.

సమస్యలు

ఇసుక మేటలు వేసి ముఖద్వారాలు పూడిపోవడం సరస్సు యొక్క ప్రధాన సమస్య. ముఖద్వారం మూసుకుపోతే సముద్రము నుండి చేప పిల్లలు, రొయ్య పిల్లలు లోపలికి రాలేవు. వేసవిలో నీరు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది. వేట తగ్గి జాలరులు వలస పోవలసి వస్తుంది. వేట హద్దుల విషయమై రెండు రాష్ట్రాల జాలరుల మధ్య తగాదాలు కూడా జరిగాయి. చేప తగ్గితే పక్షులకు మేత తగ్గుతుంది. కాబట్టి ముఖద్వారాల పూడికతీత జాలరులకు, పక్షులకు కూడా జీవన్మరణ సమస్య.

చేరుకునే మార్గం

తిరుపతి నుండి నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట చేరవచ్చును. సూళ్ళూరుపేట, తడ రెండూ చెన్నై - గూడూరు రైలు మార్గంలో ఉన్నాయి. సందర్శనకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలము.

ఇవి కూడా చూడండి

నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం
శ్రీహరికోట
బకింగ్‌హాం కాలువ