పురం, పల్లె, పౌరుడు

తెలుగులో 'పౌరుడు' అనే మాట పురం నుంచి పుట్టింది. పురంలో ఉండేవాడు పౌరుడు. మరి పల్లెలో ఉండేవాడు ఎవరు? చిక్కబళ్లాపురం వాసికి ఈ మాట వ్యుత్పత్తి రీత్యా చక్కగా అమరుతుంది. బాగేపల్లి వాసికి ఊరి పేరులోనే పల్లె ఉన్నది. ఇది వట్టి మాటల చమత్కారంగా తోచవచ్చు. కాని ప్రాచీన నగరరాజ్యాల పౌరసత్వాన్ని చదివేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే.

గ్రీకులకు 'పోలిస్' నుంచి 'పోలితేస్' వచ్చింది. ఊరు ముందు, మనిషి తర్వాత. లాటినులో ఈ క్రమం తలకిందులు. 'కివిస్' అంటే పౌరుడు, అటువంటివారి సముదాయం 'కివితాస్'. మన మాట గ్రీకుల దారిన నడిచింది. అయితే ఏథెన్సు పౌరుడు నగరంలోనే ఉండాలన్న నియమం లేదు. క్రీ.పూ. 508-507లో క్లైస్తెనీస్ చేసిన ఏర్పాటులో అట్టికా ప్రాంతమంతా 'దేమోస్' అనే చిన్న విభాగాలుగా లెక్కకు వచ్చింది. పండితులు వీటిని 139గా లెక్కిస్తారు. మారథాన్ పల్లె రైతు కూడా ఏథెన్సు పౌరుడే. పద్దెనిమిదేళ్లకు తన ఊరి పట్టీలో పేరెక్కాలి, అంతే. ఆ ఊరి పేరు అతని పేరును అంటిపెట్టుకొని ఉండేది. మనవడు పట్నంలో కాపురం పెట్టినా తాతగారి ఊరే అతని ఊరు. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు, ఆ ఊరు ఎక్కడున్నదో మరచిపోయిన తరువాత కూడా దానిని మోసుకు తిరగడం మనకు కొత్త కాదు. అయితే మన ఇంటిపేరు సభలో చోటు ఇవ్వదు, ఏథెన్సువాడి ఊరి పేరు ఇచ్చేది.

ఈ ఉదారతకు రెండో వైపు కూడా ఉన్నది. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ ప్రతిపాదించిన శాసనం ప్రకారం తల్లిదండ్రులిద్దరూ ఏథెన్సువారైతేనే బిడ్డ పౌరుడు. స్త్రీలకు సభలో చోటు లేదు. బానిసల సంగతి చెప్పనక్కరలేదు. పౌరుడంటే న్యాయనిర్ణయంలోను, అధికారంలోను పాలుగలవాడని నిర్వచించిన అరిస్టాటిలు స్వయంగా స్టగైరా నుంచి వచ్చి ఏథెన్సులో పరదేశిగానే బతికాడు. తన నిర్వచనంలో తనకే చోటు లేదు!

ఆ కొలబద్దతో మన ప్రాంతాన్ని చూద్దాం. బాగేపల్లి, చింతామణి ప్రాంతాలు మైసూరు సంస్థానంలో కోలారు జిల్లాకు చెందినవి. దివాను రంగాచార్లు 1881లో మైసూరు ప్రజాప్రతినిధి సభను ఏర్పరచినప్పుడు తాలూకాల నుంచి రైతులు, వర్తకులు వెళ్లారు. మొరలు చెప్పుకున్నారు. శాసనం చేసే అధికారం వారికి లేదు. అరిస్టాటిలు లెక్కన వీరు పౌరులు కారు. రోమనులకు మాత్రం ఇది తెలిసిన స్థితే. 'ఓటు లేని పౌరసత్వం' అనే తరగతినే వారు కల్పించారు.

క్రీ.పూ. 338లో ఇటలీ తీరంలోని కూమే పట్టణానికి అటువంటి పౌరసత్వమే దక్కింది. అక్కడివారి వాడుక ఆస్కన్ భాష. క్రీ.పూ. 180లో కూమే వారు ప్రభుత్వ వ్యవహారాలను లాటినులో జరుపుకోవడానికి, వేలంపాటలు లాటినులో పాడించుకోవడానికి అనుమతి కోరారని, రోము మంజూరు చేసిందని లివీ రాశాడు. లాటిను మాట్లాడాలని రోము నిర్బంధించలేదు, వారే అడిగారు. ఈ చిన్న ప్రస్తావన మమ్మల్ని చాలాకాలంగా వెంటాడుతున్నది. అడిగినవారు వర్తకులా, పెద్ద కుటుంబాలా? ఇంట్లో ఆస్కన్ మాట్లాడే ముసలివారిని ఎవరైనా సంప్రదించారా? లివీ చెప్పడు.

కోలారు జిల్లాలో తెలుగు మాతృభాషగా గలవారు అధికమని 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం గుర్తించింది. గుర్తించి కూడా జిల్లా కన్నడ రాష్ట్రంలోనే ఉండాలని సిఫార్సు చేసింది. 1956 నవంబరు 1న అలాగే జరిగింది. తెలుగువారు ఈ తాలూకాలను 'పోగొట్టుకున్నారు' అని రాసేవారున్నారు. మేము అంగీకరించము. భాష ఒకటి, పౌరసత్వం ఒకటి. రాజ్యాంగం దేశమంతటికీ ఒకే పౌరసత్వం ఇచ్చింది. బాగేపల్లి రైతు బెంగుళూరు శాసనసభకు ఓటు వేస్తాడు, అతని ఓటు తక్కువ ఓటు కాదు. ఏథెన్సులో పరదేశికి గాని, తొలినాళ్ల కూమే వాసికి గాని ఇంతటి హక్కు లేదు.

అయినా అర్జీ ఏ భాషలో రాయాలి, పిల్లవాడు అక్షరాలు ఏ లిపిలో దిద్దాలి అన్న ప్రశ్నలు ఓటుతో తీరవు. 1956లోనే ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని చెబుతుంది. కూమే వారు కోరినది ఏలినవారి భాష. ఈ అధికరణం కాపాడదలచినది ఇంటి భాష. జిల్లాలో అధికులైనవారు రాష్ట్రంలో అల్పులు కావడం ఈ తాలూకాల ప్రత్యేకత. 2007లో కోలారు నుంచి చిక్కబళ్లాపురం జిల్లా వేరుపడినా ఈ లెక్క మారలేదు.

చింతామణి తాలూకా కైవారంలో నారేయణ యతీంద్రుల తెలుగు కీర్తనలను నేటికీ పాడతారు. పాడేవారి చేతిలోని పుస్తకంలో మాట తెలుగు, లిపి కన్నడం.